లెక్కకు రాని చావులు



ఈవేళ మనం మాట్లాడుకోబోయే సంగతి వినడానికి ఇంపుగా వుండేది కాదు. ఇంటిపనీ, పిల్లల చదువూ, ఆరోగ్యమూ చెప్పుకునే చోట ఊచకోతల మాట ఎందుకమ్మా అని మీలో కొందరు అనుకోవచ్చు. కానీ ఊళ్లు తగలబడినప్పుడు పిల్లల్ని చంకనేసుకుని పరుగెత్తింది ఆడవాళ్లే. మగవాళ్లు పోయాక మిగిలిన సంసారాన్ని ఈడ్చింది వాళ్లే. ఆ రోజుల్ని పుస్తకాలు మరిచిపోయినా మన అమ్మమ్మలు, నాయనమ్మలు మరిచిపోలేదు. కనుక ఈ చరిత్ర మనం చెప్పుకోవలసిందే.

ఒక జాతినో, ఒక మతం వారినో, ఒక తెగనో పూర్తిగా గానీ కొంతవరకు గానీ లేకుండా చేయాలని పూనుకొని చేసే హత్యాకాండను ఇంగ్లీషులో 'జెనోసైడ్' అంటారు. మనవాళ్లు జాతి నిర్మూలన అనీ, జాతి సంహారం అనీ రాస్తున్నారు. ఈ మాట పాతది కాదు. పోలెండుకు చెందిన రాఫెల్ లెమ్కిన్ అనే యూదు న్యాయవాది 1944లో అచ్చైన తన పుస్తకంలో దీన్ని మొదటిసారి వాడాడు. హిట్లర్ కాలంలో ఆయన బంధువులు 49 మంది చనిపోయారు. ఒక మనిషిని చంపితే హత్య అంటున్నాం, మరి ఒక జాతినే చంపితే ఏమనాలి అన్నది ఆయన ప్రశ్న. పేరు లేని నేరానికి శిక్ష వుండదు కదా! అందుకని ముందు పేరు పెట్టి, తర్వాత చట్టం కోసం దేశదేశాల ప్రతినిధుల చుట్టూ తిరిగాడు. చివరికి 1948 డిసెంబరు 9న పారిస్ నగరంలో ఐక్యరాజ్యసమితి జాతి నిర్మూలనను నేరంగా ప్రకటిస్తూ ఒక ఒడంబడికను ఆమోదించింది.

ఆ ఒడంబడిక ప్రకారం ఒక జాతిని, తెగను, వర్ణాన్ని, మతవర్గాన్ని నాశనం చేయాలన్న ఉద్దేశంతో చేసే పనులు అయిదు. ఆ వర్గం వారిని చంపడం ఒకటి. వారి ఒంటికీ మనసుకూ తీవ్రమైన హాని చేయడం రెండోది. బతకడానికి వీలులేని పరిస్థితుల్లోకి కావాలని నెట్టడం మూడోది. వారికి బిడ్డలు పుట్టకుండా చేయడం నాలుగోది. పిల్లల్ని బలవంతంగా లాక్కుని వేరే వర్గానికి అప్పగించడం అయిదోది. గమనించారా? చివరి రెండూ నేరుగా తల్లికీ బిడ్డకూ సంబంధించినవి. ఒక జాతిని తుడిచిపెట్టాలనుకున్నవాడి కన్ను తల్లి కడుపు మీదా, ఒడిలోని బిడ్డ మీదా పడుతుందని చట్టం రాసినవాళ్లకు బాగా తెలుసు.

ఎవరికీ పట్టని రెండు కథలు

హిట్లర్ అరవై లక్షల మంది యూదుల్ని చంపించాడని మన పిల్లలు బడిలో చదువుకుంటారు. కానీ అదే జర్మనీ వాళ్లు అంతకు నలభై ఏళ్ల ముందు ఆఫ్రికాలో చేసిన పని ఎంతమందికి తెలుసు? ఇప్పుడు నమీబియా అంటున్న దేశం అప్పట్లో జర్మనీ వలస రాజ్యం. అక్కడ హెరెరో అనే పశువుల కాపరుల తెగ వుంది. తమ భూములూ, ఆవులూ లాక్కుంటున్నారని వాళ్లు 1904లో తిరగబడ్డారు. ఫాన్ ట్రోతా అనే జర్మన్ సేనాని వాళ్లను ఓడించి, ఒమహెకె అనే ఎడారిలోకి తరిమాడు. మళ్లీ వెనక్కి రాకుండా నీటిగుంటల దగ్గర సైనికుల్ని కాపలా పెట్టాడు. ఆయుధం వున్నా లేకపోయినా జర్మన్ల సరిహద్దులో కనబడిన ప్రతి హెరెరోనూ కాల్చేస్తాననీ, ఆడవాళ్లనూ పిల్లల్నీ కూడా చేరనివ్వననీ 1904 అక్టోబరు 2న ప్రకటన చేశాడు. ఆ జనంలో చాలామంది దప్పికతో చచ్చిపోయారు. మిగిలినవాళ్లను శిబిరాల్లో పెట్టి చాకిరీ చేయించారు. ఎనభై వేల మంది హెరెరోల్లో అరవై అయిదు వేల మంది దాకా, ఇరవై వేల మంది నామా తెగవారిలో సగం మంది పోయారని అంచనా. ఇది జాతి సంహారమేనని జర్మనీ ప్రభుత్వం ఒప్పుకున్నది 2021లో. అంటే నూట పదిహేడేళ్లకు!

రెండో కథ మనకు దూరపు చుట్టాలైన వాళ్లది. ఐరోపాలో రోమా అనే జాతి వుంది. జిప్సీలని పిలుస్తారు. వందల ఏళ్ల క్రితం మన దేశం నుంచి వెళ్లినవాళ్లే. వాళ్ల భాషలో నీళ్లను ఇప్పటికీ 'పానీ' అనే అంటారు. హిట్లర్ సైన్యాలు వాళ్లను కూడా యూదుల్లాగే శిబిరాలకు తోలి చంపాయి. రెండు లక్షల నుంచి అయిదు లక్షల దాకా చనిపోయారని చరిత్రకారుల అంచనా. యుద్ధం అయిపోయాక ఏం జరిగిందో చూడండి. బతికి బయటపడిన రోమాలు నష్టపరిహారం అడిగితే, 1943కి ముందు మిమ్మల్ని పట్టుకెళ్లింది జాతి ద్వేషంతో కాదు, నేరాలు అరికట్టడానికి అని పశ్చిమ జర్మనీ పెద్ద కోర్టు 1956లో చెప్పింది. వాళ్లది జాతి సంహారమేనని ఆ దేశం ఒప్పుకోవడానికి 1982 దాకా పట్టింది.

పుట్టుకతోనే దొంగలు అనే ముద్ర మనకూ కొత్తది కాదు. ఇంగ్లీషువాళ్లు 1871లో నేరస్థ జాతుల చట్టం అని ఒకటి చేశారు. తర్వాత దాన్ని మన తెలుగునాటికీ తెచ్చి ఎరుకల వంటి కులాల్ని మొత్తంగా ఆ జాబితాలో చేర్చారు. బాపట్ల దగ్గరి స్టూవర్టుపురం అలా కట్టించిన సెటిల్‌మెంటే. ఆ చట్టం రద్దయింది 1952లో. తప్పు చేసినవాడిని వదిలి వాడి పుట్టుకను పట్టుకోవడం ఇలాంటి ఘోరాలన్నిటికీ మొదటి మెట్టు. ఈ మాట గుర్తుంచుకోండి. మన దగ్గరి కథలో మళ్లీ వస్తుంది.

మన వాకిట్లో 1948

ఇప్పుడు మన ప్రాంతానికి వద్దాం. నడిగూడెం అంటే చాలామందికి కోట గుర్తుకొస్తుంది. మునగాల పరగణా రాజా నాయని వెంకటరంగారావు గారి సంస్థానానికి ఈ ఊరే ముఖ్యస్థానం. ఆయన దగ్గర దివానుగా పనిచేసిన కొమర్రాజు వెంకట లక్ష్మణరావు గారు తెలుగులో చరిత్ర రచనకు దారి వేసిన మహనీయుల్లో ఒకరు. పింగళి వెంకయ్య గారు కూడా కొన్నేళ్లు ఇక్కడ వున్నారు. అప్పట్లో ఈ పరగణా ఇంగ్లీషువారి కృష్ణా జిల్లాలోది. కానీ చుట్టూ వున్నదంతా నైజాం రాజ్యమే. నీళ్ల మధ్య లంకలాగా, నైజాం మధ్య మునగాల. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక నల్లగొండ జిల్లాలో కలిసింది. 2016 నుంచి సూర్యాపేట జిల్లా.

దేశానికి 1947 ఆగస్టులో స్వాతంత్ర్యం వచ్చింది. హైదరాబాదు నిజాం మాత్రం యూనియన్‌లో చేరనన్నాడు. ఆయన రాజ్యంలో పదహారు జిల్లాలు. తెలుగు, మరాఠీ, కన్నడం మాట్లాడే జనం. నూటికి ఎనభై అయిదు మంది దాకా హిందువులు. లాతూరులో వకీలుగా వున్న కాశిం రజ్వీ అనేవాడు రజాకార్లనే ప్రైవేటు సైన్యాన్ని నడిపాడు. అప్పటికే తెలంగాణలో దొరల వెట్టికి, భూముల ఆక్రమణకు ఎదురుతిరిగి రైతులు సంఘం పెట్టుకుని పోరాడుతున్నారు. రజాకార్లు పోలీసులతో కలిసి ఊళ్ల మీద పడ్డారు. 1947 సెప్టెంబరు 2న పరకాలలో జాతీయ జెండాతో వచ్చిన జనం మీద కాల్పులు జరిపితే 22 మంది చనిపోయారు. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లి మీద పడి, బురుజు ఎక్కి ఊరిని కాపాడుకుంటున్న వాళ్లతో సహా ఒక్క రోజునే ఎనభై మందికి పైగా చంపేశారు. ఆడవాళ్లను నోటితో చెప్పలేని అవమానాలకు గురిచేశారు. బతుకుజీవుడా అని నైజాం ఊళ్లు వదిలి యూనియన్ ప్రాంతానికి పారిపోయి వచ్చిన కుటుంబాలు ఎన్నో. 'రజాకార్ల కాలం' అంటే ఇప్పటికీ మన పల్లెల్లో ముసలివాళ్ల గొంతు మారిపోతుంది. ఇదంతా చాలావరకు మీరు విన్న కథే.

సెప్టెంబరు 13న భారత సైన్యం నైజాంలోకి అడుగుపెట్టింది. దాన్నే పోలీసు చర్య అన్నారు. ఒక దళం బెజవాడ వైపు నుంచి బయల్దేరి, పొద్దున్నే కోదాడ పట్టుకుని సాయంత్రానికి మునగాల చేరింది. మర్నాడు సూర్యాపేట. వెనక్కి తగ్గుతూ నైజాం సైన్యం మూసీ మీది వంతెనను పేల్చేసింది. 17న నిజాం లొంగిపోయాడు. అయిదు రోజుల్లో అంతా ముగిసిందని పుస్తకాల్లో రాస్తారు. జనం పండగ చేసుకున్నారు. చేసుకోవలసిందే మరి!

అయితే అక్కడితో ముగియలేదు. ఆ తర్వాతి వారాల్లో జరిగినదే మనం ఎక్కువగా వినని కథ. రజాకార్లు చేసిన పాపానికి ముస్లింలందరూ బాధ్యులే అన్నట్టుగా, రాజ్యంలో చాలా చోట్ల వాళ్ల మీద దాడులు జరిగాయి. ముఖ్యంగా మరాఠీ, కన్నడ జిల్లాల్లో ఘోరంగా జరిగాయి. ఈ సంగతి ఢిల్లీకి చేరాక, ప్రధాని నెహ్రూ గారి కోరిక మీద ఒక బృందం వచ్చింది. పండిత సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ అందులోని సభ్యులు. నవంబరు 29 నుంచి డిసెంబరు 21 దాకా వాళ్లు తొమ్మిది జిల్లాలు తిరిగారు. ఏడు జిల్లా కేంద్రాలు, 21 పట్నాలు, 23 పెద్ద ఊళ్లు చూశారు. వాళ్లు వెళ్లలేని 109 గ్రామాల నుంచి వచ్చిన అయిదు వందల మందికి పైగా జనంతో మాట్లాడారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆ తేదీలు చూడండి. డిసెంబరు 9న పారిస్‌లో ప్రపంచ దేశాలన్నీ జాతి నిర్మూలన నేరమని చేతులెత్తి ఒప్పుకుంటున్నాయి. సరిగ్గా అదే రోజుల్లో ఈ ముగ్గురు పెద్దమనుషులూ మన పక్క జిల్లాల్లో కాలిన ఇళ్ల ముందూ, శవాలు పడేసిన బావుల ముందూ నిలబడి విధవలు చెప్పేది వింటున్నారు.

వాళ్ల నివేదిక ఏం చెప్పింది? ఎంత తగ్గించి లెక్క వేసినా మొత్తం రాజ్యంలో ఇరవై ఏడు వేల నుంచి నలభై వేల మంది చనిపోయారని. ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాల్లోనే పద్దెనిమిది వేలు. ఔరంగాబాదు, బీడు, నల్లగొండ, మెదకు జిల్లాల్లో కనీసం అయిదు వేలు. అవును, ఆ జాబితాలో మన నల్లగొండ కూడా వుంది. లాతూరులో ఇరవై రోజులకు పైగా చంపడం సాగింది. పదివేల మంది ముస్లింలలో బృందం వెళ్లేసరికి మూడు వేల మంది కూడా సరిగా లేరు. వెయ్యి మందికి పైగా చచ్చిపోగా మిగిలినవాళ్లు కట్టుబట్టలతో పారిపోయారు. చంపడంతో ఆగలేదు. ఆడవాళ్లను చెరిచారు, ఎత్తుకుపోయారు. ఇళ్లూ పొలాలూ ఆక్రమించుకున్నారు. మసీదులు పాడుచేశారు. బలవంతాన మతం మార్పించారు. సరిహద్దు అవతలి నుంచి సైన్యం వెంట వచ్చిన ముఠాలు చాలా చోట్ల ఇందులో పాలుపంచుకున్నాయని రాశారు. సైనికులూ, స్థానిక పోలీసులూ దోపిడీలోనూ, ఇతర నేరాల్లోనూ పాల్గొన్న సందర్భాలు వున్నాయని కూడా దాచకుండా రాశారు.

ఎవరి పాపం ఎవరికి తగిలింది?

రజాకార్ల నాయకుడు కాశిం రజ్వీ ఏమయ్యాడు? జైలుకు వెళ్లాడు, 1957లో విడుదలయ్యాడు, పాకిస్తాన్ వెళ్లి బతికాడు. చచ్చిపోయింది ఎవరు? మగ్గం నేసుకునేవాడు, బండి తోలుకునేవాడు, కౌలుకు చేసుకునేవాడు, వాళ్ల పెళ్లాం బిడ్డలు. ఆంబోతులు కుమ్ముకుంటే లేగల కాళ్లు విరిగినట్టు అని మన పెద్దలు ఊరికే అనలేదు.

రజాకార్లంటే ముస్లింలు, ముస్లింలంటే రజాకార్లు అనుకుంటే అసలు చరిత్రే అర్థం కాదు. విసునూరు దేశ్‌ముఖ్‌తో భూమి కోసం కోర్టులో పోరాడి 1940 ప్రాంతంలో హత్యకు గురైన కామారెడ్డిగూడెం రైతు షేక్ బందగి ముస్లిం. హైదరాబాదు యూనియన్‌లో కలవాలని తన 'ఇమ్రోజ్' పత్రికలో రాసినందుకు 1948 ఆగస్టులో రజాకార్ల చేతుల్లో చచ్చిపోయిన షోయబుల్లా ఖాన్ ముస్లిం. బైరాన్‌పల్లి దారుణం జరిగిందీ అదే వారంలో. రైతుల పోరాటానికి పాట కట్టిన మఖ్దూం మొహియుద్దీన్ ముస్లిం. ఇటు చూస్తే, నిజాం వైపు నిలబడి రైతుల్ని అణచిన దేశ్‌ముఖుల్లో హిందువులు ఎందరో. కాబట్టి అది మతం పేరుతో చీల్చడానికి లొంగే తగువు కాదు. అయినా కోపం చల్లార్చుకోవడానికి మాత్రం మతం పేరు చూసుకునే కత్తి దూశారు. మనిషి చేసిన తప్పు వదిలి, మనిషి పుట్టిన గుంపును చూశారు. ఎరుకలవాడు గనక దొంగ, రోమా గనక నేరస్థుడు, తురక గనక రజాకారు. దారి ఒకటే కదూ!

ఇంతకూ 1948లో జరిగింది జాతి సంహారమేనా? మీరు తప్పకుండా అడుగుతారు. ఏ న్యాయస్థానమూ దాన్ని విచారించి ఆ పేరు పెట్టలేదు. నాశనం చేయాలన్న ఉద్దేశం రుజువైతేనే చట్టం ఆ మాట ఒప్పుకుంటుంది. ఉద్దేశాన్ని రుజువు చేయడం చాలా కష్టం. అందుకే ప్రపంచంలో చాలా ఊచకోతలు ఆ గడప దగ్గరే ఆగిపోయాయి. ఇంకో సంగతి. రాజకీయ నమ్మకాన్ని బట్టి చంపితే ఆ ఒడంబడిక కిందికి రాదు. పోలీసు చర్య తర్వాత సైన్యం కమ్యూనిస్టుల మీదికి తిరిగి, 1951 దాకా పల్లెల్ని జల్లెడ పట్టింది. ఆ పోరాటం మొత్తంలో నాలుగు వేల మంది కార్యకర్తలూ, రైతులూ చనిపోయారని పుచ్చలపల్లి సుందరయ్య గారు రాశారు. వాళ్ల చావుకు ఆ చట్టంలో చోటే లేదు. కనుక పేరు కోసం పట్టుబట్టకండి. చట్టం పేరు పెట్టకపోయినంత మాత్రాన పోయిన ప్రాణాలు తిరిగి రావు, జరిగింది జరగకుండా పోదు. జరిగినదాన్ని జరిగినట్టు తెలుసుకోవడం ముందు.

ఎందుకు తెలియలేదు?

మరి ఇన్ని వేల మంది చావు ఇన్నేళ్లు ఎందుకు తెలియలేదు? నివేదికను అచ్చు వేయలేదు. హోంమంత్రి సర్దార్ పటేల్ గారికి అది సమ్మతం కాలేదు. అది బీరువాలోకి వెళ్లింది. కొన్ని భాగాలు పరిశోధకుల పుస్తకాల్లో వచ్చినా, పూర్తి ప్రతి జనానికి తెలిసింది 2013 నాటికి. అంటే అరవై అయిదేళ్లు. ఆనాటి విధవల్లో చాలామంది అప్పటికి కన్నుమూశారు.

బీరువాకు తాళం వేయడం ఒక కారణమే. మనం మనసుకు వేసుకున్న తాళం రెండో కారణం. కొందరు బైరాన్‌పల్లిని తలుచుకుంటారు, లాతూరు మాట ఎత్తరు. కొందరు లాతూరును తలుచుకుంటారు, బైరాన్‌పల్లి అనగానే మొహం తిప్పుకుంటారు. కాకిపిల్ల కాకికి ముద్దన్నట్టు ఎవరి ఏడుపు వాళ్లకు ముద్దు. వాళ్లను తలిస్తే మన చావులు తక్కువైపోతాయని భయం. అది తప్పమ్మా. ఒక ఇంట్లో ఇద్దరు బిడ్డలు పోతే తల్లి ఒకరి కోసమే ఏడుస్తుందా? బైరాన్‌పల్లి నిజం. లాతూరు నిజం. రెండూ చెప్పినప్పుడే మన చరిత్ర చెప్పినట్టు.

సుందర్‌లాల్ బృందం ఇంకో సంగతి కూడా రాసింది. దీన్ని మాత్రం మీరు మరిచిపోకూడదు. చాలా చోట్ల హిందువులు ముస్లిం ఇరుగుపొరుగుల్ని కాపాడారు. కొందరు ఆ ప్రయత్నంలో ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఒకే వృత్తి చేసుకునేవాళ్ల మధ్య ఈ ఆపేక్ష ఎక్కువగా కనబడిందట. హిందూ నేతపనివాళ్లు ముస్లిం నేతపనివాళ్లకు అడ్డం నిలబడ్డారు. ఎత్తుకుపోయిన ముస్లిం ఆడవాళ్లను వెతికి ఇళ్లకు చేర్చడంలో ఎందరో హిందువులు సాయపడ్డారు. మన తెలంగాణ జిల్లాల్లో సంఘం బలంగా వున్న ఊళ్లలో పేద ముస్లింల జోలికి ఎవరినీ రానివ్వలేదని సుందరయ్య గారు రాశారు. హిందువూ ముస్లిమూ ఒకే దొర వెట్టి కింద నలిగి, ఒకే సంఘంలో కూర్చున్నవాళ్లు. అలాంటి చోట బయటివాడు వచ్చి, వీడు నీ శత్రువు అంటే చెల్లలేదు. ఊరంతా ఒకే బావి నీళ్లు తాగితే ఆ బావిలో శవం వేయడానికి చెయ్యి రాదు.

మనం చేయగలిగింది

ఇదంతా పెద్దవాళ్ల రాజకీయం, మనమేం చేస్తాం అనుకోకండి. చేయగలిగినవి వున్నాయి.

మొదటిది, విని రాసిపెట్టడం. తెలంగాణ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటల్ని స్త్రీశక్తి సంఘటన వారు 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' అనే పుస్తకంగా తెచ్చారు. మన సూర్యాపేట ప్రాంతపు మల్లు స్వరాజ్యం గారి వంటి వారు 2022 దాకా మన మధ్య వుండి చెప్పారు కనుక ఆ కాలం మనకు కొంతైనా తెలిసింది. నాయకురాలు కాని మామూలు అవ్వను ఎవరు అడిగారు? 1948లో పదేళ్ల పిల్ల ఇప్పుడు ఎనభై దాటిన ముసలమ్మ. మీ ఇంట్లోనో, పక్కింట్లోనో వుంటే ఓపిగ్గా కూర్చుని అడగండి. అప్పుడు ఎక్కడ తలదాచుకున్నారు? ఏం తిన్నారు? ఎవరు చోటిచ్చారు? ఎవరు తిరిగి రాలేదు? ఊరి పేరు, మనుషుల పేర్లు, నెల, పండగ, పంట గుర్తులతో సహా ఒక నోటుబుక్కులో రాయండి. మీరు హిందువులైతే ముస్లిం ఇంటి అవ్వనూ, ముస్లింలైతే హిందూ ఇంటి అవ్వనూ కూడా అడగండి. ఆమె చెప్పేది మీకు నచ్చకపోయినా మధ్యలో అడ్డుపడకండి. చెప్పలేక ఊరుకుంటే గుచ్చి అడగకండి. ఆడవాళ్ల మౌనంలో కూడా చరిత్ర వుంటుంది.

రెండోది, మాట. ఏ దేశంలో చూసినా ఊచకోత కత్తితో మొదలుకాలేదు, మాటతోనే మొదలైంది. ఫలానా వాళ్లంతా అంతే, వాళ్లను నమ్మకూడదు, వాళ్లు మన మనుషులు కారు అన్న మాట ముందు ఇంట్లో పుడుతుంది. అన్నం పెడుతూ మనం యథాలాపంగా అనేస్తాం. పక్కన కూర్చున్న పిల్లవాడు దాన్ని అన్నంతోపాటే మింగుతాడు. పాలవాడు నీళ్లు కలిపితే ఆ పాలవాడు మోసం చేశాడని చెప్పండి. వాళ్ల జాతే అంత అనకండి. చిన్న తేడాలాగే కనబడుతుంది. కానీ హెరెరో ఎడారికీ, లాతూరు వీధులకూ దారి తీసింది ఆ చిన్న తేడాయే.

మూడోది, తెలుసుకోవడం. జాతి నిర్మూలన ఒడంబడిక మీద మన దేశం 1949లో సంతకం పెట్టింది, 1959 ఆగస్టు 27న ధ్రువపరిచింది. కానీ ఆ నేరానికి విడిగా ఒక చట్టం మాత్రం చేసుకోలేదు. డిసెంబరు 9ని జాతి సంహారాల్లో చనిపోయినవారి స్మారక దినంగా పాటించాలని ఐక్యరాజ్యసమితి 2015లో నిర్ణయించింది. మీ మహిళా మండలిలోనో, పిల్లల బడిలోనో ఆ రోజున ఒక్క గంట ఈ సంగతులు చెప్పుకోండి. హెరెరోల గురించి చెప్పండి. రోమాల గురించి చెప్పండి. బైరాన్‌పల్లి గురించీ, లాతూరు గురించీ ఒకే పూట, ఒకే గొంతుతో చెప్పండి.

కొమర్రాజు లక్ష్మణరావు గారు నూరేళ్లకు పైబడి క్రితమే తెలుగువాళ్లకు చరిత్ర తెలుగులో తెలియాలని తపించారు. రాజుల చరిత్ర మనకు చాలావరకు అందింది. ఇక కావలసింది, రాజులు పోట్లాడుకున్నప్పుడు మధ్యలో నలిగిపోయిన మనుషుల చరిత్ర. వాళ్లకు శిలాశాసనాలు లేవు. వాళ్ల శాసనాలు మన ఇళ్లలోని ముసలమ్మల నోట్లోనే వున్నాయి. అవి చెరిగిపోకముందే రాసుకుందాం.